పిల్లల కళలు, చదువులు, మనం: ఎదురింటి చైనీస్ కుటుంబం దగ్గర నేర్చుకున్న పాఠం

కుటుంబ పాఠం
వాక్యభాగాలు: 1 సమూయేలు 2:18-21, నిర్గమకాండము 31:1-6, ఎఫెసీయులకు 6:4. పాఠానికి ముందు వీటిని ఒకసారి చదువుకోండి.



ఈ నెల పాఠం పిల్లల పెంపకం మీద రాయమని పెద్దలు అడిగినప్పుడు, వేరే ఎవరినైనా అడగండని చెప్దామనుకున్నాను. మా పాపకు ఎనిమిదేళ్ళు. ఈ ఎనిమిదేళ్ళలో నేను చేసిన పొరపాట్లు తెలిసినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. చివరికి ఆ పొరపాట్లలో ఒకదాని గురించే రాస్తానని ఒప్పుకున్నాను.

మేముండేది యాంగోన్‌కి ఉత్తరాన, ఇన్సేన్‌లో. బయటివాళ్ళకు ఇన్సేన్ అనగానే జైలు గుర్తొస్తుంది. ఇక్కడివాళ్ళకు మాత్రం రైల్వే వర్క్‌షాపు, సర్క్యులర్ రైలు, సెమినరీ కొండ మీది వేదాంత కళాశాల గుర్తొస్తాయి. మా ఆవిడ తాతగారు ఆ వర్క్‌షాపులో పనిచేసి ఇక్కడే స్థిరపడ్డారు. 1960లలో చుట్టాలు చాలామంది ఓడలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయినా ఆయన కదల్లేదట. నేను రాజమండ్రి నుంచి వచ్చిన అల్లుణ్ణి. కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేశాను, ఇంట్లో నుంచే ఉద్యోగం చేస్తున్నాను.

రెండేళ్ళ క్రితం పాపకు కీబోర్డు కొన్నాం. మన ఆరాధనలో వాయించేవాళ్ళు ఒక్కరే ఉన్నారు, ఆయనకూ వయసు మీద పడుతోంది. పాప నేర్చుకుంటే సంఘానికి ఉపయోగపడుతుందనుకున్నాను. అది నిజమే. గ్రేడ్ పరీక్ష సర్టిఫికెట్ వస్తే రాజమండ్రిలో మా అన్నయ్యకు చూపించవచ్చనుకున్న మాట కూడా నిజమే. రెండోది ప్రార్థనలో ఎప్పుడూ చెప్పలేదు.

నా వృత్తి బుద్ధి ఊరుకోలేదు. కీబోర్డును లాప్‌టాప్‌కి కలిపి, ఏ రోజు ఎన్ని నిమిషాలు వాయించిందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాము రాశాను. ఆదివారం రాత్రికి గ్రాఫ్ తయారయ్యేది. అనుకున్నన్ని నిమిషాలు వాయిస్తే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. దాన్ని వాట్సాప్‌లో ఇద్దరు తాతయ్యలకూ పంపేవాణ్ణి. మూడు నెలలు గ్రాఫ్ చక్కగా పైకి వెళ్ళింది, పాట మాత్రం బాగుపడలేదు. ఒక రాత్రి రికార్డులు తెరిచి చూస్తే సంగతి తెలిసింది: ఒకే మెట్టు, ఇరవై సెకన్లకోసారి, అరగంట పాటు. ఒళ్ళో కథల పుస్తకం పెట్టుకుని, పేజీలు తిప్పుతూ, ఒక వేలితో ఆ మెట్టు నొక్కుతూ కూర్చుంది. ప్రోగ్రాములో తప్పేమీ లేదు. నేను నిమిషాలు అడిగాను, పాప నిమిషాలు ఇచ్చింది.

అప్పుడు నేను నవ్వి ఉంటే బాగుండేది. నేను అరిచాను. అబద్ధమాడావన్నాను, దేవుడు చూస్తున్నాడన్నాను, ఆ అరగంటా మళ్ళీ వాయించమని పక్కన నిలబడ్డాను. మర్నాటి నుంచి పాప కీబోర్డు ముట్టుకోలేదు. అంతకన్నా భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. స్నానం చేస్తూ, చెప్పులేసుకుంటూ ఎప్పుడూ ఏదో ఒకటి పాడే పిల్ల, పాడటం మానేసింది. సండే స్కూల్లో కూడా పెదవులు కదిపేదట, గొంతు వచ్చేది కాదని టీచరక్క చెప్పింది. అలా ఏడు వారాలు గడిచాయి.

ఆ రోజుల్లోనే ఎదురింటివాళ్ళను కాస్త దగ్గరగా గమనించాను.

ఎదురిల్లు బర్మా చైనీస్ కుటుంబానిది. కింద ఇనుప సామాన్ల కొట్టు, పైన ఇల్లు. వాళ్ళమ్మాయికి తొమ్మిదేళ్ళు, మా పాపకు స్నేహితురాలు. పొద్దున బర్మీస్ బడి, సాయంత్రం క్యూషిన్ (ట్యూషన్‌ని ఇక్కడ అలాగే అంటారు), తర్వాత చైనీస్ పాఠం, శనివారం బొమ్మలు, బ్రష్షు రాత. ఆ పిల్ల టైమ్ టేబుల్ చూసి మా ఆవిడ "పాపం" అనేది. నేను మాత్రం, మనం ఇంకా గట్టిగా పట్టుకోవాలేమో అనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇక్కడ కరెంటు పోవడం వార్త కాదు, వచ్చినప్పుడు వీధంతా "మీ లా బీ" అని అరవడమే వార్త. మా కీబోర్డు ఎలాగూ మూగగా ఉంది. ఎదురింట్లో ఎమర్జెన్సీ లైటు కింద పాత న్యూస్ పేపర్లు పరుచుకుని అమ్మాయి అక్షరాలు రాస్తోంది. పక్కన వాళ్ళ నాన్న కొట్టు షట్టరు సగం దించేసి వచ్చి కూర్చున్నాడు. కాపలా కాస్తున్నాడనుకున్నాను. దగ్గరికి వెళ్తే ఆయన చేతిలోనూ బ్రష్షుంది. ఆయన రాసింది వంకరగా ఉంది. కూతురు ఆయన మణికట్టు పట్టుకుని సరిచేస్తోంది.

"అకో, మీరు కూడానా?" అన్నాను. ఇక్కడ అన్నగారిని అకో అంటాం.

"మా నాన్న నాకు నేర్పలేదు, సయా. భయం. ఇప్పుడు ఈవిడగారి దగ్గర నేర్చుకుంటున్నాను" అని కూతుర్ని చూపించాడు.

ఆ భయం ఏమిటో తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. 1965-66లో ఈ దేశంలో ప్రైవేటు బడులన్నిటినీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. చైనీస్ బడులు, మిషనరీల బడులు, భారతీయుల బడులు అన్నీ పోయాయి. 1967 జూన్‌లో రంగూన్‌లో చైనీయుల మీద అల్లర్లు జరిగాయి. తర్వాత చాలా ఇళ్ళలో పిల్లలకు చైనీస్ రాత నేర్పడమంటే ప్రమాదం కొనితెచ్చుకోవడమే అనుకున్నారు. ఆయనకు అందకుండా పోయింది ఇప్పుడు కూతురి చేతి మీదుగా ఆయనకు తిరిగొస్తోంది. కాబట్టి ఆ ఇంట్లో బ్రష్షు రాత "ఎక్స్‌ట్రా కరిక్యులర్" కాదు.

అలాగని వాళ్ళను పటం కట్టి గోడకు తగిలించకండి. తర్వాత ఒక పోటీలో ఆ పిల్లకు బహుమతి రాలేదు. వాళ్ళమ్మ మా ముందే మాటలంది. అదే తండ్రి తల వంచుకుని ఊరుకున్నాడు. ఆ వారమంతా ఆ కిటికీలో ఎమర్జెన్సీ లైటు కనబడలేదు. ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయి.

చైనా దేశంలో ఇదే కథ పెద్ద ఎత్తున నడుస్తోంది. అక్కడ పిల్లల చదువులో తల్లిదండ్రులు తలదూర్చడం ఈనాటిది కాదు. మెన్షియస్ అనే తత్వవేత్త తల్లి కొడుకు చదువు కోసం మూడు చోట్లు మారిందని పాత కథ. శ్మశానం పక్కన ఉంటే పిల్లవాడు కర్మకాండలు అనుకరించాడు, బజారు పక్కన ఉంటే బేరాలు అనుకరించాడు, బడి పక్కకు మారాక చదువుకున్నాడు. ఇప్పటికీ బడి పక్కన గది అద్దెకు తీసుకుని పిల్లవాడితో ఉండే తల్లుల్ని అక్కడ "పెయ్‌దు" తల్లులంటారు, అంటే తోడుగా ఉండి చదివించేవాళ్ళు. విజయవాడలో, హైదరాబాదులో కాలేజీ పక్కన గది తీసుకుని కొడుక్కి వండిపెట్టే అమ్మలు మనకూ తెలుసు కదా. కళ కూడా పాతదే. కన్ఫ్యూషియస్ సంప్రదాయం చెప్పే ఆరు విద్యల్లో మర్యాద, సంగీతం, విలువిద్య, రథం తోలడం, రాత, లెక్కలు ఉన్నాయి. సంగీతానికీ రాతకూ లెక్కలతో సమానంగా చోటిచ్చారు.

తేడా ఎక్కడొచ్చిందంటే, సీట్లు తక్కువ, పిల్లలు ఎక్కువ అయినప్పుడు. తొమ్మిదో తరగతి చివర జరిగే "జోంగ్‌కావ్" పరీక్ష తర్వాత అందరికీ మామూలు హైస్కూల్లో చోటు దొరకదు, చాలామంది వృత్తివిద్య వైపు మళ్ళాలి. పియానో, వయొలిన్, బొమ్మలు వచ్చిన పిల్లలకు మంచి బడుల్లో ప్రత్యేక ప్రవేశం ఉన్నంతకాలం, వాటిని మెట్లుగా వాడుకున్నవాళ్ళున్నారు. అందుకే తొమ్మిదేళ్ళ నిర్బంధ విద్యలో అలాంటి ప్రవేశాలను 2020 నాటికి పూర్తిగా ఆపేయాలని చైనా విద్యాశాఖ 2018లో ఆదేశించింది. 2020 అక్టోబరులో ఇంకో నిర్ణయం వచ్చింది: కళల్ని బడిలో గట్టిగా నేర్పాలి, జోంగ్‌కావ్‌లో కళల మార్కుల్ని ప్రయోగాత్మకంగా చేర్చాలి. ఉద్దేశం మంచిదే. కానీ మార్కులున్న చోట తల్లిదండ్రులు ఏం చేస్తారో మనకు వేరే చెప్పాలా?

2021 జూలైలో "రెట్టింపు తగ్గింపు" విధానం వచ్చింది. హోంవర్క్ తగ్గాలి, ట్యూషన్ తగ్గాలి. ఒకటి, రెండు తరగతులకు రాత హోంవర్క్ ఉండకూడదు, మూడు నుంచి ఆరు వరకు రోజుకు 60 నిమిషాలు దాటకూడదు. లెక్కలు, భాష లాంటి సబ్జెక్టుల్లో లాభం కోసం ట్యూషన్ చెప్పడాన్ని నిర్బంధ విద్య పిల్లల విషయంలో నిషేధించారు. కళల్ని, ఆటల్ని వేరుగా చూశారు, వాటి క్లాసులు ఉండవచ్చు. అందులో నన్ను ఆకట్టుకున్నది చిన్న నిబంధన: టీచర్లు తల్లిదండ్రులకు హోంవర్క్ ఇవ్వకూడదు, పిల్లల హోంవర్క్ దిద్దమని అడగకూడదు. దానికి ముందు 2020లో జియాంగ్సు ప్రావిన్స్‌లో ఒక తండ్రి, పేరెంట్స్ గ్రూపులోంచి వెళ్ళిపోతున్నానని పెట్టిన వీడియో దేశమంతా తిరిగింది. నేర్పేదీ నేనే, దిద్దేదీ నేనే అయితే టీచరు దేనికని ఆయన గోడు. స్కూలు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న మనలో చాలామంది ఆయనకు చేయి కలపగలం.

ఇక్కడ ఒక మాట దగ్గర ఆగుదాం. చైనీస్‌లో "గ్వాన్" అనే మాటుంది. అదుపులో పెట్టడం అని అర్థం, పట్టించుకోవడం, బాగోగులు చూడటం అని కూడా అర్థం. రూత్ చావ్ అనే పరిశోధకురాలు 1994లో ఈ మాటను ఆధారం చేసుకుని ఒక వ్యాసం రాసింది. చైనీస్ తల్లిదండ్రుల్ని ఊరికే కఠినులని ముద్రవేస్తే అందులోని శ్రద్ధ, దగ్గరితనం కనబడకుండా పోతాయన్నది ఆమె వాదన. అది చదివినప్పుడు నాకు మన తెలుగు బైబిలు గుర్తొచ్చింది. ఎఫెసీ 6:4లో తండ్రులకు చెప్పిన మాటల్లో "శిక్ష" ఉంది. ఇవాళ శిక్ష అంటే దెబ్బలే. పాత తెలుగులో అది నేర్పడం కూడా, శిక్షణ అక్కడినుంచి వచ్చిందే. అదే వచనం ముందు భాగంలో, పిల్లలకు కోపం రేపవద్దని తండ్రులకే హెచ్చరిక ఉంది. నేను చిన్నప్పటి నుంచి ఆ రెండో భాగాన్ని మొదటి భాగం లేకుండా విన్నాను. సండే స్కూల్లో కూడా పిల్లలు విధేయులై ఉండాలన్న మొదటి వచనమే కంఠస్థం చేయించేవారు. నాలుగోది చేయించిన గుర్తు లేదు.

గ్వాన్‌లో ఒక సగమే మిగిలితే ఏమవుతుందో చెప్పడానికి పియానో కళాకారుడు లాంగ్ లాంగ్ బాల్యం చాలు. 1982లో షెన్‌యాంగ్‌లో పుట్టాడు. కొడుకును గొప్ప పియానిస్టుగా చేయాలని తండ్రి పోలీసు ఉద్యోగం వదిలేసి, పిల్లవాణ్ణి తీసుకుని బీజింగ్ వెళ్ళిపోయాడు. తల్లి షెన్‌యాంగ్‌లోనే ఉండి, ఉద్యోగం చేసి డబ్బు పంపేది. తొమ్మిదేళ్ళప్పుడు పియానో టీచరు వాణ్ణి వద్దంది. ఒకరోజు బడిలో పాటల ప్రాక్టీసు వల్ల ఇంటికి ఆలస్యంగా వచ్చేసరికి, తండ్రి నిరాశతో ఒళ్ళు తెలియక ఆ పిల్లవాణ్ణి చచ్చిపొమ్మన్నాడు, మాత్రలు చేతికిచ్చాడు. ఇది లాంగ్ లాంగ్ 2008లో వచ్చిన తన ఆత్మకథలో తానే చెప్పుకున్నది. ఆ తర్వాత కొన్ని నెలలు అతను పియానో ముట్టుకోలేదు. 1999లో షికాగో సింఫనీతో వాయించి ప్రపంచానికి తెలిశాడు, తండ్రీకొడుకులు కలిసిపోయారు కూడా. "చూశావా, చివరికి బాగుపడ్డాడు" అనేవాళ్ళు ఉంటారు. నాకు మాత్రం మా పాప ఏడు వారాల మౌనం గుర్తొస్తుంది. గ్రాఫ్ గీసే నేను, మాత్రలిచ్చిన ఆ తండ్రి ఒకటే అనడం లేదు. దారి మాత్రం ఒకటే, ఆయన చాలా దూరం వెళ్ళాడు.

ఇప్పుడు హన్నా దగ్గరికి వెళ్దాం. ఎన్నో ఏళ్ళు ఏడ్చి అడిగి కన్న బిడ్డను మందిరంలో అప్పగించింది. చదువు చెప్పేది ఏలీ, పని చేయించేది ఏలీ. ఆమె ఏడాదికోసారి బలి అర్పించడానికి భర్తతో వచ్చేది, వచ్చినప్పుడల్లా ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. కుట్టుపని తెలిసిన అక్కలు ఈ వచనాన్ని నాకన్నా బాగా చదవగలరు. ఎదిగే పిల్లవాడికి కొలత లేకుండా దూరాన ఉండి అంగీ కుట్టడం ఎంత కష్టం! పోయిన ఏటి కొలత పనికిరాదు. తాను కోరుకున్నంత ఎదిగి ఉంటాడని కుడితే వేలాడుతుంది. వాడు నిజంగా ఎంత ఎదిగి ఉంటాడో ఏడాదంతా మనసులో లెక్క వేసుకుంటూ ఉండాలి. సమూయేలు ప్రవక్త అవుతాడని ఆ అంగీ కుట్టేనాటికి ఆమెకు తెలుసని వాక్యం చెప్పదు.

మందిరపు పనికి దేవుడు పేరుపెట్టి పిలిచిన బెసలేలును కూడా మనం త్వరగా దాటేస్తాం. బంగారం, వెండి, ఇత్తడి పని, రాళ్ళు చెక్కడం, కొయ్య చెక్కడం కోసం దేవుడు అతణ్ణి తన ఆత్మతో నింపాడు. ఇతరులకు నేర్పే మనసు కూడా ఇచ్చాడని 35వ అధ్యాయంలో ఉంది. ఒక మనిషిని ఆత్మతో నింపడం గురించి చదివి, మన పిల్లవాడు బొమ్మలేస్తుంటే "లెక్కలు అయ్యాయా?" అని అడుగుతాం. కీబోర్డు, గిటారు అయితే ఆరాధనకు పనికొస్తాయి కాబట్టి సరే. బొమ్మలు, నాట్యం, మట్టిపని అయితే సెలవుల్లో చూద్దాం. మన తెలుగు సంఘాల్లో ఇది నేను చూసిన మాట. ఎవరైనా కాదంటే సంతోషమే.

మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. ప్రోగ్రాము తీసేశాను. తాతయ్యలకు గ్రాఫ్ రాదని చెప్తే మా నాన్న "అమ్మయ్య, దానికి ఏం జవాబు రాయాలో నాకు తెలిసేది కాదు" అన్నారు. పాపను క్షమించమని అడిగాను. ఎనిమిదేళ్ళ పిల్లను క్షమాపణ అడగడం నేననుకున్నదానికన్నా కష్టం. మాట మధ్యలో "కానీ నువ్వు కూడా" అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. తర్వాత ఎదురింటి అకోను చూసి, నాకు కీబోర్డు నేర్పమని పాపను అడిగాను. వయొలిన్ నేర్పే సుజుకి పద్ధతిలో పిల్లలకన్నా ముందు అమ్మనో నాన్ననో వాయించడం నేర్చుకోమంటారు. నాది తలకిందుల సుజుకి.

మొదటి రోజు "నాన్నా, బొటనవేలు కిందినుంచి రావాలి" అని నాలుగుసార్లు చెప్పి, ఐదోసారి నా బొటనవేలు పట్టుకుని లాగింది. నా ఎడమచేతి మూడు స్వరాలు కలవడానికి పది రోజులు పట్టింది. నేను ఆ పిల్లను ఎంత తొందరపెట్టానో అప్పుడు నా వేళ్ళకు తెలిసింది. ఇప్పుడు వారంలో మూడు రోజులు వాయిస్తుంది, మిగతా రోజులు ఎదురింటికి పోయి న్యూస్ పేపర్ల మీద బ్రష్షుతో చేపలు, రైళ్ళు గీస్తుంది. గ్రేడ్ పరీక్ష ఈ ఏడు రాయడం లేదు. క్రిస్మస్‌కి వాయిస్తుందో లేదో నాకు తెలియదు, అడగలేదు. పోయిన శనివారం చెప్పులేసుకుంటూ ఏదో కూనిరాగం తీసింది. మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి ఊపి, నన్ను మాట్లాడొద్దంది.

గృహ కూడికల్లో మాట్లాడుకోవడానికి మూడు ప్రశ్నలు:

మీ పిల్లలు నేర్చుకుంటున్నవాటిలో, మీ కోసం నేర్చుకుంటున్నది ఏది?

ఎఫెసీ 6:1, 6:4 ఈ రెండింటిలో మీ ఇంట్లో ఎక్కువ వినబడేది ఏది? పిల్లల్నే జవాబు చెప్పనివ్వండి.

మీకు రాని పనిలో మీ అమ్మగానీ నాన్నగానీ మీ పక్కన కూర్చున్న రోజు ఏదైనా గుర్తుందా?

మా ఇంటి కూడికలో మూడో ప్రశ్నకు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా మామగారు చెప్పారు. బడిలో తెలుగు లేని రోజుల్లో, వాళ్ళ నాన్న వర్క్‌షాపు నుంచి నూనె మరకల చేతులతో వచ్చి, పాటల పుస్తకం తెరిచిపెట్టి తెలుగు అక్షరాలు దిద్దించేవారట. రాసినది పుస్తకంలో ఉన్నట్టు ఉందా లేదా అని గీత గీతా పోల్చి చూసి, సరిగ్గా లేకపోతే మళ్ళీ రాయమనేవారట. ఆయనకు చదవడం రాదని మామగారికి పదేళ్ళు వచ్చాక గానీ తెలియలేదు.